ఎల్లమ్మ తిట్టిన తిట్టు

బందరు చేపల బజారులో ఎల్లమ్మ నోటికి జడవనివాళ్ళు లేరు. నోరా అది! బేరమాడి కొనకుండా పోయేవాళ్ళని వీధి మలుపు తిరిగేదాకా తిట్టేది. అందులో కోపం తక్కువ, అలవాటు ఎక్కువ. తమ ఊరు గిలకలదిండి నుంచి తనతోపాటే వచ్చి గంప దించే చిట్టెమ్మకైతే రోజూ పడాల్సిందే. చిట్టెమ్మ ఆమెకు సొంత అన్న భార్య. వదినా మరదళ్ళు పొద్దున తిట్టుకుని, మధ్యాహ్నం ఒకే క్యారేజీలో అన్నం తినేవాళ్ళు.

2004లో ఒకరోజు, పీతల గంప ఎక్కడ పెట్టాలన్న దగ్గర తగువొచ్చింది. "నెత్తురు కక్కుకుని పోతావే!" అంది ఎల్లమ్మ, బజారంతా వినేలా. ఎన్నోసార్లు అన్న మాటే. ఖర్మ కాకపోతే, ఆ సాయంత్రమే చిట్టెమ్మ ఇంటి గుమ్మంలో నిజంగా నెత్తురు కక్కుకుంది.

ఇంకేముంది, ఊరు ఊరంతా ఎల్లమ్మ మీద పడింది. చేతబడి అన్నారు. అన్న మాణిక్యం చిట్టెమ్మని బందరు ఆసుపత్రిలో చేర్చి, ఎల్లమ్మని రెక్క పట్టుకుని అక్కడికి ఈడ్చుకెళ్ళాడు.

"అన్నదానివి నువ్వే. దీనికేమన్నా అయితే ఊళ్ళోవాళ్ళు నిన్ను బతకనివ్వరు. నేనూ అడ్డం రాను. ముందు ఆ మాట వెనక్కి తీసుకో."

"తీసుకున్నానన్నా," అంది. ఏడుపు రాలేదు. భయమూ వేయలేదు. ఒళ్ళంతా మొద్దుబారిపోయింది.

డాక్టరు చిట్టెమ్మ నోట్లోంచి గొట్టం వేసి చూశాడు. కడుపులో పుండు పడి, దాన్నుంచి రక్తం కారుతోంది. అక్కడికే సూదిమందు వేసి రక్తం ఆపాడు. "ఈవిడ ఏం మాత్రలు వాడుతుంది?" అని అడిగితే మాణిక్యం తెల్లమొహం వేశాడు. ఎల్లమ్మే చెప్పింది: గంప మోసి మోసి మెడనొప్పి, దానికి రోజూ పరగడుపున నొప్పి మాత్ర, ఏళ్ళ తరబడి. అడిగినప్పుడల్లా ఇచ్చేవాడు మందుల షాపువాడు, వాడి సొమ్మేం పోయింది! "ఆ మాత్రలే పుండు చేశాయి," అన్నాడు డాక్టరు. ఆ మాట ఎల్లమ్మ చెవిన పడింది గానీ లోపలికి దిగలేదు.

నర్సు ఇందిర యాసిడ్ తగ్గించే మందు ముందు పెద్ద మోతాదు ఒకటి నరంలోకి ఎక్కించి, తర్వాత అదే మందు సెలైన్‌లో కలిపి పెట్టింది. "మూడు రోజులు ఇది ఆగకుండా, ఇలా చుక్క చుక్కగానే వెళ్ళాలండీ. గబగబా ఎక్కి అయిపోయినా, ఆగిపోయినా, కడుపులో యాసిడ్ ఊరి, పుండు మీద కట్టిన రక్తపు గడ్డ కరిగిపోద్ది. మళ్ళీ రక్తం పడుద్ది. గొట్టానికున్న ఈ చక్రం ఎవరూ ముట్టుకోకండి," అంది.

ఎల్లమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఆ చుక్కల్నే చూస్తూ ఉండిపోయింది. ఎవరైనా టీ ఇస్తే తాగింది, లేకపోతే లేదు. రెండోరోజు మాణిక్యానికి విసుగెత్తింది. "గబగబా ఎక్కిస్తే తొందరగా బాగవుద్ది గదా," అంటూ చక్రం తిప్పబోయాడు. ఎల్లమ్మ లేచి అతని చేయి పట్టుకుంది.

"వద్దన్నా."

"నువ్వా నాకు చెప్పేది?" అని చెంప పగలగొట్టాడు. ఆమె చేయి వదల్లేదు. కొట్టిన చోట నొప్పి కూడా తెలియలేదు. ఇందిర వచ్చి అతన్ని కేకలేసేదాకా అలాగే నిలబడింది.

మూడోరోజూ గడిచింది. రక్తం మళ్ళీ పడలేదు. సెలైన్ తీసేసి ఆ మందే మాత్రలుగా రాశారు, నొప్పి మాత్రల జోలికి పోవద్దన్నారు. మాణిక్యం మాత్రం, మాట వెనక్కి తీసుకుంది కాబట్టే బతికిందని ఊరంతా చెప్పుకున్నాడు. పోనీ ఎల్లమ్మకైనా డాక్టరు మాట మీద గురి కుదిరిందా అంటే, అదీ లేదు.

ఆ తర్వాత ఆమె తిట్టడం మానేసింది. సగం ధరకి అడిగినా తలూపి ఇచ్చేసేది. పసిపిల్లల తల్లులు ఆమె ఎదురొస్తే బిడ్డ మీద కొంగు కప్పేవాళ్ళు. అది చూసి చూసి చిట్టెమ్మ తట్టుకోలేకపోయింది. ఒకరోజు కావాలనే ఎల్లమ్మ పీతల గంపని కాలితో తన్నింది.

"తిట్టవే! ఆ మాటే మళ్ళీ అనవే! నీ మాట వల్ల కాదని డాక్టరే చెప్పాడు గదే. నీ నోరు లేకపోతే నాకీ బజారులో ఏం తోచట్లేదే!" అని బావురుమంది.

ఎల్లమ్మ నోరు తెరిచింది. చుట్టూ బేరాలు ఆగిపోయాయి.

"ఇవాళ నొప్పి మాత్ర వేసుకోలేదు గదా వదినా?" అని అడిగి, వంగి పీతల్ని ఏరుకుంది.