దీక్షలో కూర్చున్న జెర్రిపోతు

జగిత్యాల బస్టాండులో సిరిసిల్ల బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు కదలబోతుండగా ఒకామె గబగబా ఎక్కి, బీడీల చాట ఒళ్లో పెట్టుకొని నా పక్క సీట్లో కూలబడింది. చాట మీద కప్పిన పాత చీరముక్క కిందినుంచి తంబాకు వాసన వచ్చింది. ఆ వాసనను ఎరగని వాళ్లకు ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఎండిన ఆకు, తడి గోనెసంచి, వాటి వెనక కొంచెం దగ్గు కలిపితే ఆ వాసన వస్తుంది. అది ముక్కుకు తగలగానే నాకు నర్సయ్య గుర్తొస్తాడు, నర్సయ్య వెనకే పాము గుర్తొస్తుంది. ఇన్నేళ్లయినా ఆ వరుస మారలేదు.

నా సంగతి ముందే చెప్పుకోవడం మర్యాద. నేను సిరిసిల్లవాణ్ని. మా ఇంట్లో నాలుగు సాంచెలుండేవి, మరమగ్గాలను మేము అలాగే అంటాం. ఆ చప్పుడులో మామూలు మాట ఎవరికీ వినపడదు. కుక్క కరిచిందంటే ఎవరూ తలెత్తరు. పులి కరిచిందంటే సాంచె ఆపి వస్తారు. అలా చిన్నప్పుడే నాకు కుక్కల్ని పులులు చేయడం అలవాటైంది. పెద్దయ్యాక జగిత్యాలలో ఒక కాలేజీ ఆఫీసులో గుమస్తాగా చేరాను. అక్కడ సాంచెలు లేవు, అందరూ మెల్లగానే మాట్లాడేవారు, అయినా నా పులులు మాత్రం నన్ను వదల్లేదు.

నర్సయ్య అదే కాలేజీ జువాలజీ ల్యాబులో అటెండరు. యాభై దాటిన మనిషి, సన్నగా, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిమ్టాతో, అంటే పటకారుతో, ఉండేవాడు. ముప్పై ఏళ్లుగా కప్పల్ని, తేళ్లని, పాముల్ని సీసాల్లో పెట్టి మూత బిగించడం ఆయన పని. నాకు ఆయన మీద గురి కుదిరింది మాత్రం ఒక్క మాట వల్ల. ఏదైనా అడిగితే, తెలియకపోతే, "నాకెరుక లేదు తమ్మీ" అనేవాడు. సర్కారు ఆఫీసులో ఆ మాట అన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నాకు తెలియనిదంటూ ఏదీ లేదని ఊరంతా అనుకునే రోజులవి. నేనూ అలాగే అనుకునేవాణ్ని.

ఒకరోజు స్టాకు రిజిస్టరు కోసం ల్యాబులోకి వెళ్తే, గాజు పెట్టెలో ఒక పాము కదిలింది. సీసాల్లో కదలని పాముల్ని చూసి చూసి, కదిలేదాన్ని చూడటం అదే మొదలు. ఎప్పుడెక్కానో తెలియదు, స్టూలు మీదున్నాను.

"దిగు తమ్మీ," అన్నాడు నర్సయ్య తలెత్తకుండానే. "జెర్రిపోతుకు విషముండది. గా స్టూలుకే ఒక కాలు సక్కగ లేదు, దానికి భయపడు."

సారంగాపూర్ వైపు రైతు ఎవరో తెచ్చి ఇచ్చాడట. ట్రాక్టరు కింద పడి తోక నలిగింది, ఎలాగూ చచ్చేదే కదా, సీసాలో పెట్టుకోండని.

"మరి పెట్టలేదేందన్నా?"

"సీసా మూత తీసిన. అది నన్ను జూసింది. మూత మళ్ల వెట్టిన. గంతే."

జువాలజీ మేడం రిటైరై ఏళ్లవుతోంది, ఆ పోస్టు ఖాళీగానే ఉంది. పాము ఆమె గదిలో ఉండేది కాబట్టి నర్సయ్య దాన్ని మేడం అనేవాడు. తోకకు మందు రాసేవాడు, వారానికో ఎలుకను పెట్టేవాడు. మేడం నిమిషంలో మింగి, చుట్ట చుట్టుకొని పడుకునేది.

అంతలో తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. సమ్మె పిలుపు వచ్చింది, కాలేజీ గేటుకు తాళం పడింది. ఎప్పుడు తీస్తారో ఎవరికీ తెలియదు. మేడంను లోపల వదిలి తాళం వేయడం నర్సయ్య వల్ల కాలేదు. బస్సులు లేవు. ఆయన ఇల్లూ, నా కిరాయి గదీ రెండూ కోరుట్లలోనే. నా స్కూటరు మీద నేను ముందు, నర్సయ్య వెనక, మధ్యలో పెట్టె. దారి పొడుగునా నా వీపుకు గాజు తగులుతూనే ఉంది, ఆ గాజుకు అవతల ఏం తగులుతోందో తలచుకుంటూ నడిపాను. ఆ ప్రయాణం గురించి తర్వాత చాలామందికి చాలా రకాలుగా చెప్పాను. నిజం మాత్రం ఇంతే, నేను కళ్లు మూసుకోకుండా ఉండటానికే కష్టపడ్డాను.

నర్సయ్య భార్య రాజవ్వ గడపలో చాట ముందు కూర్చుని బీడీలు చేస్తోంది. పెట్టెను చూసి చేతిలో ఆకు వదిలేసింది.

"సమ్మె అయ్యేదాక ఇంటికాడ ఉంటడనుకుంటె, సుట్టాన్ని తోలుకచ్చిండు," అంది నాతో. "మీ అన్నకు నేనొక్కదాన్ని సాలలేదు."

అన్నదే గానీ చోటు ఆమే చూపించింది. వెనక అర్రలో, తంబాకు సంచుల పక్కన, వెచ్చగా చీకటిగా ఉండే మూల. ఇంట్లో అంతకంటే మంచి జాగా లేదు. ఆ మంచి జాగాలోనే మేడం తిండి మానేసింది.

మొదటి వారం నర్సయ్య కంగారుపడలేదు. "కండ్లు తెల్లవడ్డయి, జూడు. కుబుసం ఇడుస్తది. ఇడిసినంక తింటది." కుబుసం విడిచింది. తినలేదు. ఎలుకను చిమ్టాతో ఆడించి చూశాడు. కప్పను పెట్టాడు. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పెట్టె పక్కన ఉంచాడు. మేడం నాలుక ఒకసారి బయటకు తీసి, తల అటు తిప్పుకునేది. వాడకట్టు ఆడవాళ్లు గిన్నెలతో పాలు తెచ్చారు. "పాము పాలు తాగది, తల్లీ, మీ పిల్లలకు పొయ్యుండ్రి," అని తిప్పి పంపాడు. పశువుల దవాఖానకు వెళ్తే అక్కడా సమ్మే. నాలుగో వారానికి మేడం వెన్ను పైకి తేలింది, పక్కటెముకలు లెక్కపెట్టేలా అయ్యాయి.

"గుడ్డు పగలగొట్టి నోట్ల పోద్దాం అన్నా," అన్నాను.

"పోస్తె ఊపిరితిత్తులకు పోతది." నర్సయ్య వేడినీళ్ల సీసాను పెట్టెకు ఇంకాస్త దగ్గరికి జరిపాడు. "తమ్మీ, ఇన్నేండ్లు నేను ముట్టుకున్న పాములన్ని సచ్చినయే. సచ్చినదాన్ని పాడుగాకుంట ఎట్ల ఉంచాల్నో నాకెరుక. బతికినదాన్ని ఎట్ల ఉంచాల్నో ఎరుక లేదు. ఇంకో వారం దాటితె ఇది ఆగది."

ఆ మాట విని నేను నేరుగా ఇంటికి వెళ్లాల్సింది. వెళ్లలేదు. చౌరస్తాలో రిలే నిరాహార దీక్ష టెంటు దగ్గర ఆగాను. రోజుకో పదిమంది దండలు వేసుకొని పొద్దంతా తినకుండా కూర్చుంటారు, మర్నాడు వాళ్లు లేస్తే వాళ్ల చోట్లో ఇంకొందరు కూర్చుంటారు. ఆకలితో ఉన్నవాళ్లకు కాలం గడవదు. "ఏదన్న జెప్పు సిరిసిల్లాయినా," అన్నారు. నా నోరు ఊరుకుంటుందా. నర్సయ్య ఇంట్లో పాము తెలంగాణ కోసం దీక్ష పట్టిందని, నాలుగు వారాలుగా ఎదురుగా ఎలుక ఉన్నా ముట్టడం లేదని, నినాదం వినపడితే పడగ ఎత్తుతోందని చెప్పాను.

"జెర్రిపోతుకు పడగేడిదిరా," అన్నాడొక కల్లుగీత పని చేసే పెద్దాయన.

"గదే నేనూ అంటున్న మామా. లేని పడగ ఎత్తుతుంది."

అందరూ నవ్వారు. నవ్వి మరిచిపోతారనుకున్నాను. మర్నాడు పొద్దున డప్పు చప్పుడుకు బయటకు వచ్చి చూస్తే, వీధి నిండా జనం, చేతుల్లో దండలు, అందరూ నర్సయ్య ఇంటివైపే. చిన్నప్పటినుంచి ఎన్ని పులుల్ని వదిలానో, ఒక్కటీ అలా డప్పు కొట్టుకుంటూ తిరిగి రాలేదు.

గడపలో నిలబడ్డ నర్సయ్య జనాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఆయనకు అర్థమైంది. నేను తల దించుకున్నాను.

"మీ పాము దీక్షల ఉన్నదట గదా," అన్నారు ముందున్నవాళ్లు.

"తింటలేదు, గది నిజం. ఎందుకు తింటలేదో నాకెరుక లేదు."

ఆ చివరి మాట ఎవరూ వినలేదు. పెట్టెను టెంటులో పెడతామని పట్టుబట్టారు. నర్సయ్య షరతులు పెట్టాడు. టెంటు వెనక మూలన పెట్టాలి, మూడు పక్కలా గుడ్డ కప్పాలి, పాలూ కుంకుమా దగ్గరికి రావద్దు, తాను పక్కనే కూర్చుంటాడు, రోజూ ఎలుకను పెడతాడు. "తింటె తింటది. నన్ను అనొద్దు."

"అది తినదు," అన్నారు వాళ్లు, నా మీద ఉన్న నమ్మకంతో.

అలా మేడం దీక్షకు కూర్చుంది. రాయికల్ నుంచి ఆటోల్లో వచ్చి చూసిపోయారు. ముసలమ్మలు దండం పెట్టుకున్నారు. నేను తప్పించుకు తిరిగాను. నిజం చెబుదామని రెండుసార్లు టెంటుదాకా వెళ్లి, చేతులు జోడించి నిలబడ్డవాళ్లను చూసి వెనక్కి వచ్చాను. పెట్టె ముందు నర్సయ్య మాత్రం గుడ్డ తొలగించి చూడటం, కప్పడం. ఆయన కూడా సరిగా తినడం లేదని రాజవ్వ చెప్పింది.

మూడో రోజు మధ్యాహ్నం ఒక పెద్ద నాయకుడు వచ్చాడు. నన్ను కూడా పిలిచి మైకు పక్కన నిలబెట్టారు, సంగతి మొదట చెప్పినవాణ్ని కదా. "ఈ నోరు లేని జీవి," అన్నాడాయన, "ఎలుక ఎదురుంగ ఉన్నా నెల రోజుల సంది ముట్టలే. దీనికున్న పట్టుదల మనకు లేదా?" అని, అందరూ చూసేలా గుడ్డ ఎత్తాడు.

మేడం నోటినుంచి ఎలుక వెనక కాళ్లూ తోకా వేలాడుతున్నాయి.

నాయకుడి చేతిలో గుడ్డ అలాగే ఉంది. అందరూ చూస్తుండగానే మేడం ఇంకో గుటక వేసింది, కాళ్లు పోయాయి, తోక మిగిలింది, తోకా పోయింది. అప్పుడు ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. వాళ్ల మొహాల్లో కోపం కంటే ముందు వచ్చినది వేరే ఉంది. మోసపోయిన ముసలమ్మ మొహం అప్పటిదాకా నేను చూడలేదు.

నర్సయ్య లేచాడు. కళ్లు తుడుచుకొని, పెట్టె మీది దండ తీసుకొని మైకు ముందుకు వచ్చాడు.

"రిలే దీక్ష గదా ఇది," అన్నాడు. "దాని వంతు అయిపోయింది. లేసింది. ఇగ దాని జాగల మా తమ్ముడు కూసుంటడు." దండ నా మెడలో వేశాడు.

ముందు గీత పని పెద్దాయన నవ్వాడు, తర్వాత టెంటంతా. నేను పెట్టె పక్కన కూర్చున్నాను. మర్నాటిదాకా లేవనివ్వలేదు. ఆకలి అంటే ఏమిటో కథగా కాకుండా తెలిసింది.

కానీ నన్ను నిజంగా కదిలించినది ఆ పూట జరగలేదు. మర్నాడు పొద్దున రాజవ్వ కార్ఖానాకు బీడీలు ఇవ్వడానికి వెళ్తూ, మొగుడికి టిఫిను తెచ్చి, బీడీల గంపను పెట్టె పక్కన దించింది. ప్రశాంతంగా ఉన్న మేడం ఒక్కసారిగా అవతలి మూలకు పోయి గాజుకు తల కొట్టుకుంది. నర్సయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది.

"రాజవ్వా, గంప అటు దూరం వెట్టు."

పెట్టింది. కాసేపటికి మేడం మెల్లగా ఇవతలికి వచ్చింది.

"మళ్ల దగ్గరికి దే."

మేడం వెనక్కి పోయింది. ల్యాబులో పిల్లలకు ప్రయోగం చూపించినట్టు మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ అంతే. టిఫిను మూత పెట్టేశాడు.

"పాము నోట్ల తంబాకు ఏస్తె సస్తదని నాకు పసితనం సంది ఎరుక," అన్నాడు. "ఎరుకుండి, దాన్ని తంబాకు సంచుల పక్కన వెట్టిన. మన ఇంట్ల గా వాసన ఉన్నట్టే నాకు తెల్వది."

రాజవ్వ తన చేతులు చూసుకుంది. వేళ్ల కొసలు పసుపూ గోధుమా కలిసిన రంగులో ఉన్నాయి. అవే చేతులతో అన్నం కలిపి తెచ్చింది.

"మరి గా అర్రలనే ముప్పై ఏండ్ల సంది నేను తింటున్న గదనే," అంది. "నేనెట్ల తిన్న?"

అంత మామూలుగా అడిగింది.

"నాకెరుక లేదు రాజవ్వా," అన్నాడు.

ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లో విన్నాను. అంత బరువుగా ఎప్పుడూ వినలేదు. నాకు తెలిసిన పులులన్నీ ఆ ఒక్క మాట ముందు నోరు మూసుకున్నాయి.

ఆ రోజే తంబాకు సంచుల్ని బయట పందిరి కిందికి మార్చాడు. బీడీలు మానేస్తే ఇల్లు గడవదు కాబట్టి రాజవ్వ పందిరి కిందే కూర్చుని చేసేది. గడప పక్కన నీళ్ల బకెట్, సబ్బు పెట్టారు, చేతులు కడగకుండా లోపలికి అడుగు లేదు. మేడం లోపల, వెనక అర్రలో, వారానికో ఎలుక తిని లావైంది. తోక మానాక, ముగ్గురం కొడిమ్యాల గుట్టల దగ్గరికి తీసుకెళ్లి వదిలాం. వెనక్కి తిరిగి చూసిందని నేను అందరికీ చెబుతుంటాను. చూడలేదు.

తెలంగాణ వచ్చింది, నర్సయ్య రిటైరయ్యాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది, దగ్గుతోనే పోయాడు. జీవితంలో ఒక్క బీడీ తాగని మనిషి. ఎందుకలా అని ఎవరైనా అడిగితే నేను కథ చెప్పను, ఆయన మాటే చెబుతాను. రాజవ్వ వదిన ఉంది. గడప పక్కన బకెటూ ఉంది.

బస్సు కొడిమ్యాల దాటుతుండగా నా పక్కనామె టిఫిను విప్పింది. చాట పక్కన పెట్టి, చీర కొంగుకు వేళ్లు తుడుచుకుంది. నా సంచిలో ఎప్పుడూ రెండు నీళ్ల సీసాలుంటాయి, ఒకటి తాగడానికి. రెండోదీ, సబ్బు ముక్కా తీసి ఆమెకు చూపించాను.

"ఒక్కసారి చేతులు కడుక్కో అక్కా. తర్వాత తిను."

"ఎందుకు సారూ?"

"ఒక పాము చెప్పింది."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "మంచిగనే అబద్ధాలాడుతవు," అంది. నవ్వుతూనే రెండు చేతులూ కిటికీ బయటకు చాపింది.

నేను నీళ్లు పోశాను.