పాకో అంకుల్ పెలూకో

మా చిన్నప్పుడు... కువైట్‌లో, అబూ హలీఫాలో మా పక్క ఫ్లాట్‌లో స్పెయిన్ నుంచి వచ్చిన పాకో అంకుల్ ఉండేవాడు. నాన్న ఇచ్చిన లుంగీ కట్టుకుని, చేతికి పాత కీ వాచీ పెట్టుకుని మెట్ల మీద కూర్చునేవాడు. ఆ వాచీ వాళ్ళ నాన్నదట. దాన్ని పెలూకో అనేవాడు... అదే దాని అసలు పేరనుకున్నాను.

ఇరాక్ సైన్యం వచ్చాక అంతా అయోమయం. బడి లేదు... రొట్టెల కోసం క్యూలు... తెల్లవాళ్ళని పట్టుకుపోతున్నారని గుసగుసలు. ఒక పొద్దున పాకో అంకుల్ వాచీ విప్పి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ నర్సు.

"సిస్టర్, నేనొచ్చి తీసుకుంటా" అన్నాడు, వచ్చీరాని ఇంగ్లీషులో.

ఆ మధ్యాహ్నమే సైనికులు ఆయన్ని జీపెక్కించారు. లుంగీ కూడా మార్చుకోనివ్వలేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

మేం ఇండియాకి బయలుదేరే రోజు అమ్మ తన సవరంలో వాచీ చుట్టి, నా జుట్టుకి కలిపి గట్టిగా ముడేసింది.

"దార్లో వాచీ అన్నా, హిందీలో ఘడీ అన్నా ఆళ్ళకి తెలిసిపోద్ది. పెలూకో అనే అను."

"అది మనది కాదు కదమ్మా?"

"కాదు గనకే."

బస్సు ఆపిన చోట ఒక సైనికుడు అందరి చేతులూ చూస్తూ వచ్చాడు. నాన్న చేతి వాచీ విప్పించి తన జేబులో వేసుకున్నాడు. నా తల్లో టిక్కు టిక్కు... అతనికీ వినిపిస్తోందేమోనని ఏడుపొచ్చేసింది.

"అమ్మా, పెలూకో గుచ్చుకుంటోంది."

అమ్మ మొహం పాలిపోయింది. అతను వంగి, నా బుగ్గ నిమిరి వెళ్ళిపోయాడు. మంచివాడో చెడ్డవాడో ఇప్పటికీ తేల్చుకోలేను.

తర్వాత స్పెయిన్‌కి ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు రాలేదు. అయినా అమ్మ రోజూ పొద్దున్నే ఆ వాచీకి కీ ఇచ్చేది. "ఆయనొచ్చేసరికి ఆగిపోయి ఉంటే ఏం బాగుంటాది?" అనేది. మా ఇంట్లో ఇప్పటికీ ఏ వాచీ అయినా పెలూకోనే...

మొన్న ఆ మాట ఎక్కడిదా అని వెతికాను. స్పెయిన్‌లో వాచీకి వీధుల్లో వాడే మాటేనట. దొంగల భాషలోంచి వచ్చిందని ఒకరు, కాదని ఇంకొకరు... చదివినకొద్దీ తికమక పెరిగింది.

అమ్మ పోయి రెండేళ్ళు. ఇప్పుడు కీ ఇచ్చేది నేనే. అప్పట్లో ఉత్తరానికి నెలలు పట్టేవి... ఇప్పుడు చేతిలో ఫోనుంది, అయినా ఒక్క మనిషిని వెతకలేకపోతున్నాను.

ఆ రోజుల్లో అబూ హలీఫాలో ఉన్నవాళ్ళు ఇక్కడెవరైనా ఉంటే మీకు గుర్తున్నది చెప్పండి... లుంగీలోనే జీపెక్కిన ఆ స్పెయిన్ మనిషి ఇంటికి చేరాడా?