పేరెక్కనివాళ్ల లెక్క

మా మరిది ఇక లేడని మొన్న బుధవారం పొద్దున సిరిసిల్ల నుంచి కబురు వచ్చింది. నాకంటే నాలుగేళ్లు చిన్న. నాకంటే ముందు పోవడం క్రమం కాదు.

ఉద్యోగంలో ఎక్కువ కాలం అతను టాంజానియాలో ఉన్నాడు. గుర్తింపు కార్డుల కోసం ఊరూరా తిరిగి జనం పేర్లు ఎక్కించే పని. ఎంతమందిని ఎక్కించినవని ఒకసారి అడిగాను. "గా లెక్క పెద్దసార్లు చెప్తరు వదినా. నేను ఎక్కనోళ్లను రాసుకున్న," అన్నాడు. కత్తుల్లాంటి కిత్తలి ఆకుల నుంచి నార తీసి తీసి వేలిముద్రలు అరిగిన కూలీలు, పుట్టిన ఊరికి కాగితం లేని ముసలివాళ్లు. వాళ్లకోసం నిజంగానే ఒక నోటుబుక్కు పెట్టుకున్నాడు.

మూడేళ్ల కింద కోరుట్లలో మా వెనకింటామెకు రేషన్ ఆగింది. ఆమెది బీడీలు చేసే పని. ఆకు, తంబాకు పట్టి వేళ్లు నున్నబడ్డాయి. దుకాణంలో మిషన్ ముద్ర తీసుకోలేదు. మా వాడకట్టు ఆడవాళ్లకు దీనికో పద్ధతి ఉంది: గీతలు తేలేదాకా బీడీలు బంద్ పెట్టి చేతులకు కొబ్బరినూనె రాస్తారు. ఆమె పది రోజులు బంద్ పెట్టింది. బియ్యమూ రాలేదు, కూలీ కూడా పోయింది. పైగా నేను, సబ్బుతో సరిగ్గా కడుక్కో, మిషన్ అబద్ధం చెప్పదని గద్దించాను.

చుట్టపుచూపుగా వచ్చిన మరిది అది విన్నాడు. "అబద్ధం చెప్పదు వదినా. గని దానికి తెల్వనియి ఉంటయి. దానికి తెల్వదని మనిషి ఉపాసముండాల్నా?"



మర్నాడు వెనకింటామెను జగిత్యాల తీసుకెళ్లాడు. వేలికి బదులు కంటిపాప చూసి బియ్యం ఇవ్వాలని దరఖాస్తు రాసి, ఆఫీసు మెట్ల మీదే చదివి వినిపించాడట. "అక్కా, నీ గురించి రాసింది ముందుగాల నువ్వు వినాలె." ఆమె మధ్యలో ఆపి, తన వయసు తప్పు రాశావని దిద్దించిందట. ఆ సంగతి చెప్పి ఎంత సంబరపడ్డాడో! మరుసటి నెల బియ్యం వచ్చాయి.

ఆధార్ జిరాక్సు ఇస్తే ఏ పనికో దాని మీదే రాసి ఇవ్వాలని నాకు చెప్పిందీ అతనే. డెబ్బై దాటాక నేను మార్చుకున్న అలవాటు అదొక్కటే.

నిన్న రేషన్ దుకాణం దగ్గర, రాయికల్ నుంచి కొత్తగా వచ్చిన ఒకామె వేలు మూడుసార్లు పడలేదు. ఖాళీ సంచి మడుచుకుని వెనక్కి తిరిగింది. వరుసలో ఉన్న వెనకింటామె ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"ఏడికి పోతున్నవ్ బిడ్డా? కన్ను చూడుమను. అడుగు."

కొత్తామె అడిగింది. గడ్డం ఎత్తి, మిషన్ ముందు కళ్లు పెద్దవి చేసి నిలబడింది. చెంపల మీదుగా నీళ్లు కారుతున్నా రెప్ప మాత్రం వెయ్యలేదు.