ఎజ్రా ముక్కు, వాల్దెరోసా గోలీ

మండపేటలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో ముప్పయ్యొక్క ఏళ్ళుగా బాయిలర్ చూస్తున్న ఎజ్రాకి నోటి దురుసు ఎక్కువ. మంచి చెప్పినా తిట్టినట్టే ఉంటుంది. నిజంగా తిట్టేటప్పుడు మాత్రం 'అండి' చేర్చి తిడతాడు, అది ఇంకా మండుతుంది. అయినా యజమాని అచ్చిబాబు గారు ఇన్నేళ్ళూ ఆ నోటిని భరించింది ఆ పైనున్న ముక్కు కోసం. తొట్లలో నానుతున్న వడ్లు ఎప్పుడు ఆవిరికి సిద్ధమయ్యాయో, ఎప్పుడు పులుపు తిరగబోతున్నాయో ఎజ్రా పక్కనుంచి నడిచి వెళ్తూనే చెప్పేసేవాడు. ఆ ఘడియ దాటిందా, బియ్యం కంపు కొట్టి ఎవడూ కొనడు.

ఆ ముక్కు చచ్చి నాలుగేళ్ళయింది. కరోనా వచ్చి పోయింది గానీ వాసన తిరిగి రాలేదు. పొయ్యి మీద పప్పు మాడుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్న మొగుణ్ణి చూసి మెర్సీ కనిపెట్టింది. ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలియదు. అప్పటినుంచీ గడియారం చూసుకుని, గింజ కొరికి నెట్టుకొస్తున్నాడు. మొన్న జూన్‌లో ఒక తొట్టి పులిసి, లారీ బియ్యం వెనక్కి వచ్చాయి. "తడిసిన వడ్లు కొన్నది తమరండి, నన్నంటారేంటి?" అని ఎజ్రా అచ్చిబాబు గారికే ఎదురు తిరిగాడు. వడ్లు శుభ్రంగానే ఉన్నాయి.

ఇప్పుడు మిల్లు పక్కన కొత్త ప్లాంటు లేస్తోంది. అందులో పెద్ద బాయిలర్. దాని మీద ఎజ్రాని పెట్టాలా, తణుకు నుంచి మరో మనిషిని తేవాలా అన్నది అచ్చిబాబు గారి మేనల్లుడు సుధాకర్ తేల్చాలి. పని పోతుందన్న భయం కన్నా, ముక్కు గుట్టు రట్టవుతుందన్న భయం ఎజ్రాని ఎక్కువగా తినేస్తోంది. అతనికి భయమేస్తే కోపమొస్తుంది.

ఆ కోపం చూపించుకోవడానికి స్పెయిన్ దేశపు ఫుట్‌బాల్ జట్టొకటి దొరికింది. ఎజ్రా మిషన్ స్కూల్లో చదివేరోజుల్లో గోల్ కాసే గోలీ. సుధాకర్‌కి ఆ ఆటంటే పిచ్చి. మూడేళ్ళ కిందట వాల్దెరోసా అనే చిన్న ఊరి జట్టుని ఫోన్‌లో చూపించాడు. అప్పుడది మూడో డివిజన్‌లో ఉండేది. ఈ ఏడు మొదటి డివిజన్‌కి ఎక్కింది. ఎక్కించింది ముప్పై ఎనిమిదేళ్ళ గోలీ ఒర్తేగా. ఎక్కీ ఎక్కగానే అతన్ని పక్కన కూర్చోబెట్టి, ఇరవై రెండేళ్ళవాణ్ణి కొన్నారు. వాడితో పాటు మరో తొమ్మిదిమందినీ కొన్నారు.

"వచ్చే సీజన్‌లో పదిలోపు స్థానం గ్యారంటీ ఎజ్రా," అన్నాడు సుధాకర్, మిల్లు గేటు ముందు పెద్దింట్లమ్మ టీ బడ్డీ దగ్గర.

"ఆయ్, గ్యారంటీయేనండి. కిందనుంచి లెక్కెడితే." ఎజ్రా టీ ఊదుకున్నాడు. "పదిమంది కొత్తోళ్ళండి. ఎవడు ఎవడికి బంతిస్తాడండి, ఆధార్ కార్డు చూసా?"

"పై డివిజన్‌లో ఆట స్పీడు వేరు. ఒర్తేగాకి వయసైపోయింది."

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. మీ అందరిదీ ఒకటే బుద్ధండి."

"మేమేం చేశామయ్యా మధ్యలో?" అన్నాడు సుధాకర్, చురుక్కుమని.

"ఎక్కడో ఉన్న గోలీ కోసం నువ్వెందుకయ్యా చించుకుంటావు? ఆడేమన్నా నీ తోడల్లుడా?" అంది పెద్దింట్లమ్మ. ఎజ్రా ఆవిడ మీద కూడా ఎగిరాడు.

నెల్లాళ్ళు ఇదే వరస. ఇరవై జట్లలో మూడు కిందికి దిగుతాయి, అందులో మొట్టమొదటిది వాల్దెరోసాయేనని ఎజ్రా శాపనార్థాలు పెట్టాడు. మూడేళ్ళు గెలవాలని ప్రార్థించిన జట్టు మట్టికొట్టుకుపోవాలని మనసారా కోరుకున్నాడు. సుధాకర్ మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, ఆనక ఆలోచనలో పడ్డాడు.

ఆగస్టులో, సీజన్‌కి ముందు ఆడే ఉత్తుత్తి మ్యాచ్ ఒకటి జరిగింది. సుధాకర్ దాన్ని మర్నాడు పొద్దున టీ దగ్గర ఫోన్‌లో పెట్టాడు. రెండో సగంలో ఒర్తేగాని మైదానంలోకి దింపారు. కాసేపటికి ఒకడు దూరంనుంచి తన్నాడు. ఒర్తేగా గాల్లోకి గెంతి, వేళ్ళ చివరలతో బంతిని బయటికి తోసేశాడు. సుధాకర్ తొడ చరిచాడు. పెద్దింట్లమ్మ కూడా "ఓరి వీడి దుంపతెగ!" అంది.

ఎజ్రా మాత్రం కాళ్ళు చూశాడు. బంతి కదలగానే గోలీ పక్కకి వెయ్యాల్సిన రెండడుగులు ఒర్తేగా వెయ్యలేదు. ఆ రెండడుగులూ పడితే నిలబడే పట్టుకోవలసిన బంతి అది. పైగా లేచి, ముందున్న కుర్రాళ్ళ మీద అరుస్తున్నాడు, తప్పంతా వాళ్ళదన్నట్టు. ఆ అరుపు ఎందుకు వస్తుందో ఎజ్రాకి తెలుసు. ఒళ్ళు మండిపోయింది.

"నువ్వే రైటు ఎజ్రా," అన్నాడు సుధాకర్. "ఒప్పుకుంటున్నాను. తణుకాయన్ని రావద్దని చెప్పేస్తాను. కొత్త బాయిలర్ నీదే. నీ ముక్కుండగా మాకు ఇంకొకడెందుకు?"

కోరుకున్నది చేతికొచ్చింది. నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ ఆ నోరు ఎప్పుడు మూసుకుంది గనక?

"కళ్ళున్నాయాండి మీకు?" అని అరిచాడు. "ఆలస్యంగా కదిలాడు కాబట్టే గెంతాడండి. వీణ్ణి నమ్ముకుంటే దసరాలోపు మునుగుద్ది ఆ జట్టు."

"నెల్లాళ్ళనుంచీ వాణ్ణి వెనకేసుకొచ్చింది నువ్వేగా!"

"నేనేనండి. జూన్‌లో వడ్లు తడిసినియ్యని అబద్ధం చెప్పిందీ నేనే. తొట్టి పులిసిపోతుంటే పక్కనే కూర్చుని టీ తాగానండి, తెలీలేదు. ఈ ముక్కు చచ్చి నాలుగేళ్ళయింది." టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు. "అలా చూస్తారేంటి? ఆ తణుకాయనకి ఫోన్ చెయ్యండి. పెట్టుకునే ముందు వాసన తెలుస్తుందో లేదో చూసి మరీ పెట్టుకోండి."

సుధాకర్ నడుస్తున్న మ్యాచ్‌ని ఆపి, తణుకాయన నంబరు కోసం వెతకసాగాడు.