కొండ అడుగున బూజు

ఆ రోజుల్లో నా దృష్టిలో బొమ్మంటే ఫొటోలా ఉండాలి. లేకపోతే పాడైపోయిందని లెక్క. బరంపురంలో మా బట్టల కొట్లో కూర్చునేవాణ్ణి కాబట్టి, ఎలాంటి మరకనైనా ఇట్టే పట్టేస్తానన్న గర్వం ఒకటి. ఆ గర్వంతోనే, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మావయ్య వెంట అస్కాకి పెళ్లిచూపులకి వెళ్లాను.

ముందు గది గోడకి పెద్ద బొమ్మ ఒకటి ఉంది. సముద్రంలోకి నిటారుగా దిగిన తెల్లటి కొండ, దాని అంచు ఏనుగు తొండంలా వంగి నీళ్లలో మునిగింది. గుమ్మం దగ్గర్నుంచి బాగానే ఉంది. దగ్గరికెళ్తే కొండా లేదు, సముద్రమూ లేదు, అన్నీ రంగు మచ్చలే. కొండ అడుగున తెల్లగా ఏదో పట్టి ఉంది. గోడ చెమ్మకి బూజు పట్టిందనుకున్నాను. మావయ్యా, పిల్ల తండ్రీ చెరకు పంట గురించి మాట్లాడుకుంటూ వరండాలోకి వెళ్లారు. కాబోయే మావగారింటికి ఒక ఉపకారం చేద్దామని (రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి) జేబురుమాలు మంచినీళ్ల గ్లాసులో ముంచి గట్టిగా తుడిచాను. బూజుతో పాటు కొండ పాదమూ, సగం సముద్రమూ రుమాల్లోకి వచ్చేశాయి.

"ఏటి సేస్తన్నారండి?" వెనక కాఫీ ట్రేతో పెళ్లికూతురు.

"బూజు పట్టిందండి, అందుకని..."

ఆమె ట్రే బల్ల మీద పెట్టి బొమ్మకేసి చూసింది. "బూజు కాదండి. నురగ."

ఈలోగా పెద్దవాళ్లు లోపలికి వచ్చారు. "మా పాపే ఏసింది బాబూ," అన్నాడు తండ్రి నెమ్మదిగా. "ఎవరో ఫ్రాన్సు ఆయనేసిన బొమ్మ పుస్తకంలో సూసి, ఎండాకాలమంతా కూకుని నీళ్ల రంగుల్తో ఏసింది. అద్దం బిగించాలనుకుంటన్నాం." నన్ను కాపాడబోయి మావయ్య, "మావోడికి శుభ్రం ఎక్కువండి," అన్నాడు. పెళ్లికూతురు కాఫీ అందించింది. ఆ కాఫీలో పంచదార ఉందో లేదో నాకు తెలియదు.

తిరుగు బస్సులో మావయ్య నా జేబులోంచి రంగు రుమాలు లాగి చూశాడు. తర్వాత, "తుడిసినోడివి, ఇస్త్రీ కూడా సేసేయకపోయావా," అన్నాడు. వాళ్లు కబురు పంపలేదు, మేమూ అడగలేదు.

మొన్న గోపాల్‌పూర్ ఒడ్డున నెరిసిన జుట్టు టీచరమ్మ ఒకావిడ పిల్లలతో పాటు కూర్చుని బొమ్మ వేసుకుంటోంది. అల అంచున అదే తెల్లటి నురగ. అస్కా పెళ్లికూతురే. ఇన్నేళ్లుగా కూడబెట్టుకున్న క్షమాపణ చెప్పేద్దామని వెళ్లి బొమ్మ మీదికి వంగాను. ఆమె తలెత్తలేదు.

"సూడండి, పర్లేదు. ముట్టుకోకండి, తడారలేదు."

గుర్తుపట్టి అందో, అందరితోనూ అనే మాటో తెలియదు. అడిగే ధైర్యం లేదు. "అలాగేనండి" అని చేతులు జేబుల్లో పెట్టుకుని, ఆమె ఒక అల పూర్తి చేసేదాకా నిలబడ్డాను. నవ్వు ఆపుకోవడం కష్టమైంది. బొమ్మ మీంచి కళ్లు తిప్పి ఆమెను చూడటం అంతకన్నా కష్టమైంది.