వేడి ఇంజన్ మీద నీళ్లు

మా చెల్లెలికి మొదటి కాన్పు ఇంట్లోనే జరిగి బిడ్డ దక్కలేదు. రెండోసారి నెలలు నిండగానే నందిగామ ఆసుపత్రి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, నొప్పులు మొదలైతే ఒక్క నిమిషం ఇంట్లో ఉంచొద్దని. మా ఆయన జగ్గయ్యపేటలో ఒక పాత కారు కొని బాడుగకు తిప్పేవారు. అందుకే చెల్లెల్నీ, దానికి తోడుగా అమ్మనూ మా ఇంటికి తెచ్చుకున్నాం. పందొమ్మిది వందల అరవై దాటిన కొత్తల్లో మాట ఇది.

పెళ్లి బాడుగ వచ్చినప్పుడల్లా ఆయన ఇంజన్ తుడిచేవారు. ఆ తుడవడం చూస్తే నాకు ఒళ్లు మండేది. బానెట్ ఎత్తి గంటసేపు చల్లారనిచ్చేవారు. బ్యాటరీ తీగ ఊడదీసేవారు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కూ, పక్కనే పెట్రోలు అందించే కార్బురేటర్‌కూ గుడ్డలు చుట్టేవారు. అప్పుడు బ్రష్ కిరసనాయిల్లో ముంచి జిడ్డు వదలగొట్టి, తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మెరిపించేవారు. అంతసేపూ బీడీ ముట్టేవారు కాదు సరికదా, నన్ను పొయ్యి కూడా రాజెయ్యనిచ్చేవారు కాదు. "ఇది ఇంజనా, పచ్చి బాలింతా?" అని దెప్పేదాన్ని.

ఆ రోజు పొద్దున అమ్మ బానెట్ లోపలికి తొంగి చూసి, "దీనికంటే మన వంటింటి మసిగోడే నయమే" అంది. నాకసలే ముక్కు మీద కోపం. మధ్యాహ్నం ఆయన వత్సవాయి బాడుగ నుంచి వచ్చి, అన్నం తిని నడుం వాల్చారు. అమ్మ దొడ్లో చెల్లెలికి తలంటుతోంది. నేను కొబ్బరిపీచూ కిరసనాయిలూ పట్టుకుని వాకిట్లోకి వెళ్లి, ఇత్తడి బిందె తోమినట్టు ఇంజన్ని తోమాను. అది ఇంకా వేడిగానే ఉంది. గుడ్డలు చుట్టలేదు, తీగ తియ్యలేదు. గిన్నె తోమాక తొలవాలి కదా! రెండు బిందెల నీళ్లు దిమ్మరించాను. బుస్సుమని ఆవిరి లేచింది. జిడ్డు పోయి ఇనుము తళతళలాడింది. అబ్బ, ఎంత పొంగిపోయానో!

అంతలో దొడ్లోంచి చెల్లెలి కేక వినబడింది. నొప్పులు మొదలయ్యాయి. అమ్మా నేనూ దాన్ని తడితలతోనే నడిపించుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టాం. ఆయన పరుగున వచ్చి కారు స్టార్ట్ చెయ్యబోయారు. మూలిగింది గానీ ఇంజన్ అందుకోలేదు. దిగి బానెట్ ఎత్తారు. లోపలంతా నీళ్లు ఓడుతున్నాయి. ఆయన నా తడిచెంగు చూశారు.

"అక్కా, నావల్ల కావట్లేదే" అని చెల్లెలు సీటు పట్టుకుని మెలికలు తిరుగుతోంది.

చెల్లెలి తలకు సాంబ్రాణి వెయ్యడానికి అమ్మ కుంపటి రాజేసి ఉంచింది. ఆ కుంపటే ఎత్తుకుని ఇంజన్ దగ్గరికి వచ్చేసింది. "తడి జుట్టు ఆరట్లా? దీన్నీ ఆరబెడదాం, జరగండి అల్లుడుగారూ!"

"ఆగండి!" అని ఆయన అరిచారు. పెళ్లయ్యాక ఆయన గొంతు అంత పెద్దగా వినడం అదే మొదలు. "కిరసనాయిలు కారుతోంది! పక్కనే పెట్రోలు! అమ్మాయి లోపలుందండీ!"

అమ్మ కొయ్యబారిపోయింది. కుంపట్లోంచి ఒక రవ్వ ఎగిరి చక్రం దగ్గర పడింది. ఆయన దాన్ని ఉత్త కాలితో నలిపేశారు. అమ్మ కుంపటిని వీధి అవతల పెట్టి వచ్చింది.

ఆయన తీగ ఊడదీసి డిస్ట్రిబ్యూటర్ మూత తీశారు. లోపల నీటిబొట్లు. పుట్టబోయే బిడ్డకోసం చెల్లెలు మూటకట్టుకున్న మెత్తటి పాత చీర ముక్కలు లాక్కొచ్చి ఇచ్చాను. వాటిని వత్తుల్లా చుట్టి ఆయన ప్రతి కన్నమూ తుడిచారు, ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పి ఆరబెట్టారు.

"ప్రభువా! నిండుచూలాలు ఇంట్లో ఉండగా ఇంజన్ మీద నీళ్లెవరు పోశారయ్యా?" అంది అమ్మ.

నేను నోరు తెరవబోయాను. "నేనేనండి అత్తయ్యగారూ. జిడ్డెక్కువైందని కడిగా" అన్నారాయన తల ఎత్తకుండానే.

మళ్లీ తీగ తగిలించి, ముందునుంచి హ్యాండిల్ వేసి తిప్పారు. ఒకటి, రెండు. మూడోసారి దగ్గి, పొగ కక్కి ఇంజన్ అందుకుంది. చిల్లకల్లు దాటాక మళ్లీ రెండుసార్లు ఆగబోయింది. ఆగినంత పనై మళ్లీ అందుకున్నప్పుడల్లా అమ్మ ప్రార్థన పెద్దదయ్యేది. చెల్లెలు మాత్రం కేకలు మానేసింది. నాకు దానికే ఎక్కువ భయమేసింది.

పొద్దు గుంకే వేళకు నందిగామ ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. డాక్టరమ్మ బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "ఇంకో అరగంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కారు. ఇంతసేపు ఇంట్లో ఏం చేస్తున్నారు?" అని కసిరింది.

అమ్మ గిరుక్కున ఆయన వైపు తిరిగింది. "విన్నావా అయ్యా? నీ కారు సోకు కోసం నా బిడ్డను చంపబోయావు కదా!"

వరండా నిండా జనం ఉన్నారు. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. "తప్పయిపోయిందండి" అన్నారు. నా వంక చూడను కూడా చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే చెప్పేసేదాన్నేమో.