సంపు ముగ్గు చుట్టూ ఇంకో గీత

నేను సైన్సు టీచర్ని. దయ్యాలూ గియ్యాలూ లేవని కోదాడ బడిలో పిల్లలకు గొంతు పోయేలా చెప్పినదాన్ని. ఇంట్లో ఎవరైనా దిష్టి తీస్తుంటే కిసుక్కున నవ్వి తిట్లు తిన్నదాన్ని. ఇది చదివి, ఈమెకు ఇలాంటివంటే మొదట్నుంచీ పిచ్చేమో అనుకోకండి. అందుకే ముందే చెబుతున్నా.

తొంభైల నాటి మాట. మా అన్నావదినలు మిర్యాలగూడలో ఉండేవారు. అన్నకు చిన్న రైస్ మిల్లు ఉండేది. వాళ్ల కూతురు చిట్టికి నాలుగేళ్లు. పుట్టినప్పట్నుంచీ దాన్ని సాకింది మా అమ్మే. అమ్మ హఠాత్తుగా పోయాక ఆ పిల్ల అన్నం మానేసింది. నోట్లో పెడితే ఊసేసేది. మా కళ్లముందే చిక్కి పుల్లలా అయిపోయింది. పిల్ల కూడా దక్కదేమోనని వదిన ఒకటే ఏడుపు.

ఒకసారి దవాఖానకు తీసుకెళ్తే, అక్కడ చేపల తొట్టి ముందు కూచుని గిన్నెడు పెరుగన్నం తినేసింది. ఇంక చూడాలి మా అన్న సంబరం! ఒక చిన్న గాజు తొట్టి కొంటే సరిపోయేదానికి, ఏకంగా సముద్రాన్నే ఇంటికి తెస్తానన్నాడు. ఉప్పునీళ్లలో పగడాలు, రంగు చేపలు పెంచడం మద్రాసులో ఎవరింట్లోనో చూశాడట. కాకినాడకు బియ్యం తీసుకెళ్లే లారీలు తిరిగొచ్చేటప్పుడు డ్రముల్లో సముద్రపు నీళ్లు తెచ్చేలా మాట్లాడుకున్నాడు. బజారంతా నవ్వుకుంది. పిల్ల తింటే చాలు, నవ్వితే నవ్వనీ అన్నాడు.

ఆ పెద్ద తొట్టి కింద ఇంకో గాజు తొట్టి ఉండాలి. పై నీళ్లు పైపులోంచి దాంట్లోకి దిగి, శుభ్రపడి, మోటారుతో మళ్లీ పైకి వెళతాయి. దాన్ని సంపు అంటారని అన్న చెబితే పక్కింటాయన, "నడింట్ల సంపేందయ్యా? బోరు ఎండిపోయిందా?" అని ఆట పట్టించాడు.

సంపు ఎలా ఉండాలో అన్న కాగితం మీద గీస్తే ఎవరికీ బోధపడలేదు. చివరికి వదిన ముగ్గుడబ్బా తెచ్చింది. అన్న కొలతలు చెబుతుంటే పెరట్లో, అసలు సైజులోనే, అడ్డగోడలతో సహా నేల మీద గీసింది. మర్నాడు సూర్యాపేట నుంచి అద్దాల పని యాదగిరి వచ్చి దాన్ని కొలుచుకుని పోవాలి. సెలవులు కావడంతో నేనూ అక్కడే ఉన్నాను.

తెల్లారి పెరటి తలుపు తీశాను. వదిన గీసిన సంపు చుట్టూ, జానెడు ఎడంగా, ఇంకో గీత ఉంది. వదిన అంచు వేసిందనుకున్నాను. ముగ్గు చేతికొస్తే అంచు వేయకుండా ఉండగలమా మనం! దగ్గరికెళ్లి వంగి చూశాను. గీత పక్కనే సన్నగా ఇంకో గీత, చివరిదాకా. చిన్నప్పుడు గడ్డి కోసే మిషన్లో పడి మా అమ్మ చూపుడువేలి కొస తెగిపోయింది. పిండి ఆ సందులోంచి జారి, ఆమె ఏ ముగ్గేసినా గీత అలాగే జంటగా పడేది. ఇంట్లో ఇంకెవరి చేతికీ అలా రాదు. నిద్రమత్తులో చూశానని సర్దిచెప్పుకుని లోపలికి వచ్చేశాను.

అన్న అప్పటికే మిల్లుకు వెళ్లిపోయాడు. యాదగిరి వచ్చి బయటి గీతకే టేపు పెట్టి కొలుచుకున్నాడు. ముగ్గుకు అంచుంటుంది కానీ గాజు తొట్టికి అంచేమిటి, అన్నిటికంటే బయటి గీతే తొట్టి అనుకున్నాడు పాపం.

తొట్టి వచ్చిన రోజు అన్న ఎగిరిపడ్డాడు. "గింత పెద్దది ఎవడు చెయ్యమన్నడయ్యా?"

"మీ పెరట్ల గీసిందే కొలిసిన సేటూ, నాకేమెరుక?"

అంచు తను వేయలేదంది వదిన. "అయితే పిల్లి గీసిందా?" అని అన్న వెక్కిరించాడు. చేసేది లేక దాన్నే బిగించారు. పెద్ద తొట్టి స్టాండు కింద పట్టక ముందుకు పొడుచుకొచ్చింది.

అదెలా ఉంటేనేం, చిట్టి తిన్నది! రోజూ తొట్టి ముందు చాప మీద కూచుని, సంపుకు కాళ్లు తన్నిపెట్టి, చేపలకు పేర్లు పెడుతూ తినేది. పక్కనే నేల మీద మోటారు వైర్ల బాక్సు ఉండేది. అప్పట్లో ఎవరికుంది ఆ భయం?

మరుసటి ఎండాకాలం, మధ్యాహ్నం. నేనే చిట్టికి అన్నం తినిపిస్తున్నాను. రోజూలాగే కరెంటు పోయింది. మోటారు ఆగితే కొంచెం నీళ్లు కిందికి దిగి, సంపు సగంలో ఆగిపోవాలి. ఆ రోజు ఆగలేదు. గుడగుడమంటూ పెరుగుతూనే ఉన్నాయి. పైపులో నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వులో చిన్న నత్త ఇరుక్కుందని తర్వాత తెలిసింది. నీళ్లు సంపు అంచుదాకా వచ్చి, పొర్లకుండా, అలా నిలబడ్డాయి. అంతలోనే కరెంటు వచ్చింది. మోటారు వాటిని మళ్లీ పైకి లాక్కుంది.

అన్న చెప్పిన సైజే చేయించి ఉంటే ఉప్పునీళ్లు పొర్లి, బాక్సు మీదుగా చిట్టి కాళ్ల కిందికి వచ్చేవి. కరెంటు వచ్చేది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని ఆ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నానో! దొరకలేదు. సాయంత్రం సంగతి విని అన్న పిల్లను ఎత్తుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

అప్పుడు వదిన నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది. "ఆ పొద్దు ముగ్గు కాడ నేను సూసిన సుజాతా. అత్తమ్మ గీతే అది. నువ్వు నవ్వుతవని చెప్పలే."

వదినే తెలియకుండా గీసిందేమో, పిండి తడిసి గీత అలా పడిందేమో. నాకు నేనే చాలా చెప్పుకున్నాను. ఒక్కటీ నా మనసుకు ఎక్కలేదు. ఆ గీత ఎవరు గీశారో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఆ సాయంత్రం పెరట్లోకి వెళ్లాను. ముగ్గు ఎప్పుడో వానలకు కొట్టుకుపోయింది. గీత ఉన్న చోటు గుర్తుపట్టి, నేల మీద చెయ్యి పెట్టి కూచున్నాను. అమ్మా అని ఒక్కసారి పిలవాలనిపించింది.

లోపల వదిన రాత్రి అన్నం పెడుతున్నట్టుంది. "అమ్మా, ఇంగో ముద్ద!" అని చిట్టి కేక పెరటిదాకా వినిపించింది.